జాడకూలి

ధాత కరువు పోయిన మూడో ఏడు.
జమ్మలమడుగులో నాపరాళ్ల అరుగు మీద
కొర్రలు చెరుగుతుంటే
గుర్రం దిగకుండానే పిలిచినాడు
తవర్జీ తినే హనుమప్ప నాయుడు.
"సుంకులూ, నీతో పనుంది."

ఏడేండ్ల కింద ఇదే నోరు.
"పెన్న దాటి పోయినాడు మీ వాడు" అనింది.
దాటినోనికి అవతలి ఒడ్డున అడుగుండాల గదా.
లేదు. నేను చూసినా.
నా తమ్ముడు ఓబులేసుది
ఇవతలి ఒడ్డునా లేదు.

నేనేమన్నా మేజిస్ట్రేటునా?
కచేరీలో ఆడఖైదీల కొప్పులూ కొంగులూ వెదికేదాన్ని,
నెలకు మూడు రూపాయలు.
కానీ తప్పిపోయిన ఎద్దునూ
పారిపోయిన పాలేరునూ
మట్టి చదివి పట్టిస్తానని
ప్రొద్దుటూరు దాకా పేరు.
అక్షరం రాదు నాకు. మడమ వచ్చు.

"మా చిన్నామె కనపడలే. మూడు దినాలాయ.
పోలీసులకు తెలియగూడదు.
ఎనిమిది రూపాయలిస్తా.
దొరకలేదా..."
తుపాకి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

నగరి పెరట్లో మొదటి జాడ.
చిన్న పాదం. ఎడమ చిటికెనవేలు నేలకు ఆనదు.
మెట్టెల ఒత్తు లేదు.
మెట్టెలు తీసి పెట్టుకున్న ఆడది
తొందరపడి పోయింది కాదు.
నాయుని మనుషులిద్దరు నా వెనకాలే,
నేను వంగితే వంగుతా, లేస్తే లేస్తా.

నీలిమందు తొట్ల కాడ జాడ తెగింది.
వాళ్లు నాలుగు దిక్కులా ఉరికినారు.
నేను గట్టు మీద కూచోని వక్క నమిలినా.
తొట్టి లోపలి గోడన, ఆరిన నీలంలో,
చెయ్యి ఆనించిన గీత.
నడుముల్లోతు మందులో నడిచి పోయింది,
కుక్కలకు వాసన అందకుండా.
పద్దెనిమిదేండ్ల పిల్లకు ఈ తెలివి ఎవరిచ్చినారు?
అవతలి నాపబండ మీద నీలి వేళ్లు.
నాలుగే.
ఎందుకో ఆ మాట
మనుషులకు చెప్పబుద్ధి కాలే.

తిన్నగా ముద్దనూరు టేసనుకు పోవాల్సిన జాడ
తుమ్మల్లోకి మళ్లింది.
ప్రాణం దక్కించుకోబొయ్యే మనిషి
పక్కకెందుకు తిరుగుతుంది?
పూడిపోయిన మోటబావి.
గట్టున రెండు మోకాళ్ల గుంతలు.
చిన్న పలకరాయి, బోర్లించింది.
ఎత్తితే కింద
ఒక ఇనప కడియం.
బుధవారం సంతలో అణా తక్కువకు బేరమాడి
నేనే కొన్నది. ఓబులేసు కుడిచేతిది.

వెదకను నన్నే పంపుతారని
ఆ పిల్లకు తెలుసు.
నా కూలి ముందే పెట్టి పోయింది.

బావిలోకి చూసినా. రాళ్లు, జిల్లేడు.
ఏడుపు రాలే.
కడియం రొండిన దోపి
మోకాళ్ల గుంతల మీద కొంగుతో మట్టి లాగినా.
"ఏముందక్కడ?" అన్నారు మనుషులు, రొప్పుతా.
"నక్క తొవ్వుకున్న బొక్క."

నాయని ముందర నిలబడి చెప్పినా:
"ఇసకదాకా వచ్చింది జాడ.
పెన్న దాటి పోయింది మీ ఆమె."
ఆయన మాట ఆయనకే.
కన్ను ఆర్పకుండా చూసినాడు.
నా అరికాళ్లు చల్లబడినాయి.
అప్పుడు తోచింది:
"ఎనిమిది చాలదు నాయుడా, పది ఇయ్యి.
మూడు పూటలు ఎండలో తిరిగినా."
అబద్ధం చెప్పేది బేరమాడదనుకున్నాడేమో.
రాణిబొమ్మ రూపాయలు దుమ్ములోకి విసిరినాడు.
వంగి ఏరుకున్నా,
ఒక్కోటీ, లెక్కపెట్టి, పదీ.

నాలుగు వడ్డెవాళ్లకిచ్చినా.
రాత్రిపూట, దీపం లేకుండా తవ్వినారు.
ఆ సంగతి ఇక్కడ చెప్పను.

పని సగంలో వదిలిపెట్టేది నాకు చాతగాదు.
మర్నాడే ముద్దనూరుకు నడిచినా.
టేసను ముంగిట బండ మీద
నీలంగా, నాలుగు వేళ్లు.
మడమతో రుద్దినా. పోలేదు.
ఉమ్మేసి రుద్దినా.
నీలిమందు, అంత సులువుగా వదుల్తుందా?
అవతల చుట్ట కాలుస్తా నాయుని మనిషి,
ఇటే వస్తున్నాడు.

దాని మీద కాలు పెట్టి నిలబడినా,
బండి కోసం చూసేదాని మాదిరి.
ఒక బండి వచ్చి పోయింది.
ఇంకొకటి వచ్చి పోయింది.